దైవకృత్యములకు వారంటీ వర్తించదు

ఓ విద్యుత్తల్లీ! ఇంటింటి గోడలలో కనబడక ప్రవహించుచు, ప్లగ్గు దొరికిన చోటనెల్ల ప్రత్యక్షమగు దయామయీ! ఈ కథ ముగియువరకు నీవు పోకుము. ఏనుగులనెక్కి పోరాడినవారిని పొగడుటకు కవులు కోకొల్లలుగా ఉన్నారు. కోటలు కూల్చినవారికి కావ్యములు కలవు. వస్తువు కొనకముందే దానితో వచ్చు చిన్న అక్షరములను చదివిన వీరునికి మాత్రము ఇంతవరకు ఒక్క పద్యమైనను దక్కలేదు. ఆ లోటు తీర్చుటకే ఈ ప్రయత్నము.

వినుడు. అది శనివారపు మధ్యాహ్నము. సూర్యభగవానుడు సమస్త కిరణసైన్యముతో వీధిమీద విరుచుకుపడుచుండగా, దారినపోవు జనులు ఏమియు కొను ఉద్దేశము లేకయే చల్లగాలి వీచు అంగళ్లలోనికి దూరుచుండగా, మనిషి అలికిడికే తమంత తాము తెరచుకొను గాజుతలుపులు కలదియు, వరుసగా నిలిపిన ల్యాప్‌టాపుల తెరలన్నిటిపైనను ఒకే జలపాతము ఒకేమారు దూకుచున్నదియు, ఎవరు అడుగుపెట్టినను "వెల్‌కమ్ సార్" అను ధ్వని నలుదిక్కులనుండి లేచునదియు అగు ఒక ఎలక్ట్రానిక్ వస్తుశాలలో ముగ్గురు యోధులు పాదము మోపిరి.

మొదటివాడు గృహస్థు. గోదాములో గుమాస్తా. లోనికి వచ్చిన పెట్టెను, బయటికి పోయిన పెట్టెను సరిచూచుకొనుట ఆయన వృత్తి. ఆ నడుమ దేవుని తలచుకొనుట ఆయన ప్రవృత్తి. ఈయన చదువు నేర్చినది పారాయణ గ్రంథములనుండి. అందులో పంక్తి దాటినచో దోషము, పుట దాటినచో మహాదోషము. కావున పైపైన చదువుట యను విద్య ఈయనకు బొత్తిగా రాదు. చేతికి వచ్చిన ముద్రిత పత్రమేదైనను, అది మందుడబ్బాలోని మడతచీటీయైనను సరే, చేతులు శుభ్రపరచుకొని, కళ్లద్దములు తుడుచుకొని, మొదటి అక్షరము మొదలు కట్టకడపటి చిరునామావరకు బిగ్గరగా చదువును. ఈయన చదువు పూర్తియగునంతలో తలనొప్పియే విసిగి వెళ్లిపోగా, మాత్ర మింగు అవసరము లేకపోయిన సందర్భములు ఆ ఇంట కలవు.

రెండవది ఆయన ఇల్లాలు. సమీకరణ సంహారిణి, భిన్నభేదిని, వృత్తవ్యాస విచ్ఛేదిని యగు లెక్కల టీచరు. వంటింటి పక్కగదిలో, బట్టల బీరువాకు కుర్చీ ఆనించుకొని, ల్యాప్‌టాపు ముందు కూర్చుండి, ఎక్కడెక్కడి పిల్లలకో పాఠము చెప్పును.

మూడవవాడు ఆమె తమ్ముడు, గృహస్థునకు బావమరిది. ఏ యంత్రమును చూచినను ఇతడు అడుగు ప్రశ్న ఒక్కటే: "ర్యామ్ ఎంత?" ఇది మొదట్లో గృహస్థుని చెవికి నామజపమువలె సోకి, కుర్రవానికి భక్తి కుదిరినదని ఆయన మురిసెను. పిమ్మట నిజము తెలిసెను. మురిపెము మాత్రము కొంత మిగిలియున్నది.

వీరు ఆయుధములు ధరించి వచ్చుటకు కారణమేమనగా: పూర్వము ఆ ఇంట ఒక ల్యాప్‌టాపు ఉండెడిది. ఒకనాడు త్రిభుజముల పాఠము నడుమ ఆ తల్లి మూతను కొంచెము వెనుకకు వంచగా, కీలు టక్కున విరిగెను. వారంటీ ఇంకను ఉన్నది గదా యని ధైర్యముగా సర్వీస్ సెంటరుకు మోసుకొనిపోయిరి. అచ్చటివారు దానిని అటు తిప్పి ఇటు తిప్పి, "ఫిజికల్ డ్యామేజ్ మేడం, వారంటీలోకి రాదు" అనిరి.

"మూత తెరవడం తప్ప నేనేం చేయలేదండీ."

"తెరిచారుగా మేడం."

సొంత ఖర్చుమీద బాగుచేయుటకు ఒప్పుకొనగా, పుచ్చుకున్నవారు వారములు గడచినను ఇయ్యలేదు. ఇచ్చినప్పుడు అందులో దాచుకున్న పాఠములన్నియు తుడిచిపెట్టుకుపోయి యుండెను. ఆ వారములన్నియు ఆమె ఫోనులోనే పాఠము చెప్పెను. తెరమీద అంకెలు చీమలబారులై పోగా, పిల్లలు ఒక్కరొక్కరుగా, "సారీ టీచర్, అమ్మ వేరే క్లాసులో చేర్పించింది" అని సెలవు తీసికొనిరి. సగము తరగతి మిగిలెను. ఆ సగమునకు సోమవారమునుండి పరీక్షల తయారీ. ఇంతలో అతుకువేసిన కీలు మరల ఊడెను, ఈమారు తెరతో సహా. కొత్తది కొనక తప్పదు. ఆ కొత్తది పరీక్షలలోపల మూలపడెనా, మిగిలిన సగమును పోవును. సగములో సగము లెక్కకట్టుట ఆమెకు బాగుగా వచ్చును; తన తరగతి విషయమున ఆ లెక్క చేయుటకు మాత్రము మనసొప్పదు.

ఇదియే యుద్ధకారణము.

ఎదురుపక్షమున ఒక్కడే నిలిచెను. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, మోములో చెరగని చిరునవ్వు. సేల్స్‌మాన్. తోటివారు అతనిని "అంతాకవర్" అని పిలిచెదరు. కొనువారు ఏది అడిగినను "అంతా కవర్ అవుతుంది సార్" అని బదులిచ్చుట వలన.

"చెప్పండి సార్," అనెను అంతాకవర్. "గేమింగా, ఆఫీసా, స్టూడెంటా?"

"లెక్కలు," అనెను ఇల్లాలు.

"లెక్కలకైతే ఇది సూపర్‌గా ఉంటుంది మేడం!" అని అతడు, ఒరనుండి ఖడ్గమును దూయునట్లు, వెండిరంగు ల్యాప్‌టాపునొకదానిని వ్రేళ్లకొసలతో ఎత్తి చూపెను. దాని తెరమీది జలపాతము మిగిలిన జలపాతములకంటె నీలముగా ఉండెను.

"ర్యామ్ ఎంత?" అనుచు బావమరిది ముందుకురికెను. "అబ్బ, ఎంత సన్నగా ఉందో చూడక్కా! అట్టముక్కలా ఉంది."

"అట్టముక్కకి కీలు ఎక్కడ పెట్టారో అది చూడరా ముందు."

అంతట గృహస్థు, ప్రళయకాల మేఘమువలె గొంతు సవరించుకొని, గజరాజువలె ఒక అడుగు ముందుకు వేసి, దిక్కుంజరములు చెవులు నిక్కించునట్లు ఇట్లు గర్జించెను:

"ఒక్క నిమిషం బాబూ. వారంటీ ఏముంది దీనికి?"

"ఒక సంవత్సరం సార్. అంతా కవర్ అవుతుంది."

"అంతా అంటే?"

"అంతా అంటే... అంతా సార్."

"కీలు?"

"కవర్ సార్."

"కీలు మేమే విరగ్గొడితే?"

"మీరెందుకు విరగ్గొడతారు సార్? చూస్తే పెద్దమనిషిలా ఉన్నారు."

ఈ స్తోత్రాస్త్రము గృహస్థుని రొమ్మున నాటి ఆయనను కొంత తూలించెను. అది గమనించి శత్రువు వెనువెంటనే, "బ్యాగ్ ఫ్రీ సార్! మౌస్ ఫ్రీ!" అని జంటబాణములు వదలెను. ఆ రెండును తగిలి బావమరిది అక్కడికక్కడే కూలెను.

"బ్యాగ్ కూడానా! బావా, ఇంకేం ఆలోచిస్తావు?"

"రిపేరుకి మోసుకెళ్లడానికేమో ఆ బ్యాగు," అనెను ఇల్లాలు. "ఎందుకిస్తున్నారో కనుక్కో."

అంతాకవర్ నవ్వెను. నవ్వుచునే పంక్తి చివరనున్న మరియొక యంత్రమును చూపెను. నల్లనిది, లావైనది, తెరమీద జలపాతము సైతము కొంచెము నీరసముగా దూకుచున్నది. "మీకంత అనుమానంగా ఉంటే ఇది చూడండి మేడం. కొంచెం బరువు. కానీ దీనికి ఆన్‌సైట్ వారంటీ ఉంది."

గృహస్థు మొగము చిన్నబోయెను. "మాకు సైటు లేదు బాబూ. అద్దె ఇల్లే."

"సైటంటే స్థలం కాదు బావా!" అని బావమరిది తల పట్టుకొనెను. "ఆన్‌సైట్ అంటే వాళ్లే మనింటికొచ్చి బాగుచేస్తారు. వెండిదానికేమో క్యారీ-ఇన్. మనమే మోసుకెళ్లాలి."

"ఇంటికొస్తారు అని చెప్పొచ్చుగా. ఇల్లున్నవాళ్లకే ఇస్తారేమో అనుకున్నా."

"అదే రూలైతే ఊళ్లో సగం మంది పలకలే కొనుక్కోవాలి," అనెను ఇల్లాలు.

పిమ్మట గృహస్థు, ఇంతవరకు ఆ వస్తుశాల చరిత్రలో ఏ కొనుగోలుదారుడును కోరని కోరిక కోరెను. వారంటీ పత్రము చదివిననే గాని ముందుకు అడుగు పడదనెను. అంతాకవర్ పెట్టెలను వెదకి, సొరుగులను వెదకి, చివరకు ఒక మడతల కాగితమును తెచ్చెను. దానిమీది అక్షరములు ఆవగింజలను సగమునకు కోసినట్లుండెను.

"చేతులు కడుక్కోవాలి," అనెను గృహస్థు.

"చదవడానికా సార్?"

"చదవడానికే."

నీరు దొరకలేదు. శానిటైజరు దొరికెను. గృహస్థు దానితో చేతులు పవిత్రము చేసికొని, కళ్లద్దములు తుడుచుకొని, ప్రదర్శనకై నిలిపిన కుర్చీయందు కూర్చుండి పారాయణ మొదలుపెట్టెను. కంపెనీ పేరు చదివెను. దాని అనుబంధ సంస్థల పేర్లు చదివెను. బిల్లు తేదీనుండియే కాలము లెక్కకట్టబడునని, బిల్లు పోగొట్టుకొన్నచో యంత్రము తయారైన తేదీనుండి కట్టబడునని చదివి, అది ముఖ్యమని తోచి మరియొకమారు చదివెను. టీవీలు చూచుచున్నవారు మెల్లగా ఇటు తిరిగిరి. ఒక పెద్దావిడ, ఏదో మంచిమాట చెప్పుచున్నారనుకొని, వచ్చి పక్కన నిలబడెను.

"ఈ క్రింది వాటికి వారంటీ వర్తించదు," అని గృహస్థుని కంఠము శాలయంతట మ్రోగెను. "దుర్వినియోగము, క్రింద పడుట, ద్రవములు ఒలుకుట, విద్యుత్తులో హెచ్చుతగ్గులు, కీటకముల ప్రవేశము, యుద్ధములు, అల్లర్లు మరియు... దైవకృత్యములు."

కంఠము ఆగెను. కన్నులు మరల ఆ పంక్తి మొదటికి పోయెను. ముఖమున, ఉప్పుడబ్బాలో పంచదార దొరికిన మనిషి ముఖమునందలి భావమేదో కదలెను.

"బాబూ, ఇది అచ్చుతప్పా?"

"ఏది సార్?"

"దేవుడు చేసినవాటికి వర్తించదు అని ఉంది."

"అవును సార్. అన్నింటికీ అంతే. ఫ్రిజ్‌లకి కూడా."

"ఫ్రిజ్‌లకి కూడానా!" అని గృహస్థు దిగ్భ్రాంతుడయ్యెను. ఇంట ఫ్రిజ్ కొని ఎన్నో ఏండ్లయ్యెను. ఇన్నాళ్లు అది దైవమునకు అతీతముగా చల్లబరచుచున్నదని ఆయనకు తెలియదు. "లోకంలో ఆయన చేయనిది ఏముంది నాయనా? అన్నీ ఆయనవే అయితే మీరు వారంటీ ఇచ్చేది దేనికి?"

"వరదలు, పిడుగులు, భూకంపాలు సార్. అలాంటివి."

"అవి మాత్రమే ఆయనవా? పొద్దున్నే ఎండ కాయడం ఎవరిది మరి?"

"అది వాతావరణం సార్."

"పైగా బొద్దింకలు, యుద్ధాలు, దేవుడు, ముగ్గుర్నీ ఒకే వరసలో నిలబెట్టారు. కనీసం మొదటైనా పెట్టాల్సింది."

పెద్దావిడ, "నిజమే నాయనా, మరీ పురుగుల తర్వాతా?" అనెను.

ఆ ధర్మసంకటము అట్లే సాగి సాయంకాలమగునేమో గాని, ఇల్లాలు భర్త భుజము తట్టెను. "ఏమండీ, దేవుడి సంగతి తర్వాత. కింద పడటం, నీళ్లు ఒలకడం కూడా ఆ లిస్టులోనే చదివారు. వినపడిందా?" అని, అంతాకవర్ వైపు తిరిగి, "అంతా కవరన్నావుగా బాబూ?"

"అవి కాకుండా అంతా మేడం."

"సరే. రిపేరు చేసే చోటు ఎక్కడ?"

"సిటీలోనే మేడం."

"సిటీలో ఎక్కడ?"

"ఇక్కడే... సిటీలోనే."

"ఎప్పుడైనా వెళ్లావా నువ్వు?"

చిరునవ్వు తొలిసారి బీటవారెను. "నాకు అవసరం రాలేదు మేడం. అమ్మాక మా పని అయిపోతుంది." ఆ వెంటనే తేరుకొని చివరి బ్రహ్మాస్త్రము విడిచెను. "వెండిది ఒక్కటే పీస్ ఉంది సార్. మీరు తిరిగొచ్చేదాకా ఉంటుందని చెప్పలేను."

"అక్కా!" అని బావమరిది ఆర్తనాదము చేసెను.

ఇల్లాలు వెండి యంత్రమువైపు చూచెను. ఆ వెడల్పు తెరమీద భిన్నములు ఎంత పెద్దవిగా కనబడునో ఆమె ఊహించుకొనెను. ఊహించుకొని, హ్యాండ్‌బ్యాగు భుజమునకెత్తి, గాజుతలుపులవైపు నడచెను. తలుపులు భయపడి తెరచుకొనెను.

వీరగాథలలో వీరుడు పాతాళమునకు దిగును. ఈ కథలోని పాతాళము మూడవ అంతస్తులో ఉండెను, లిఫ్టు పనిచేయుటలేదు. కావున మనవారు పాతాళమునకు ఎక్కిరి.

అది కంపెనీవారి సర్వీస్ సెంటరు, వారంటీ పత్రపు కట్టకడపటి చిరునామా; ఒక ఇరుకుగది. ఒక గోడపొడవున ప్లాస్టికు కుర్చీలు, వానిలో నిరీక్షణాతురులు. ఎదురుగా అద్దపు కౌంటరు, దాని వెనుక టేపులు చుట్టిన ల్యాప్‌టాపుల గుట్ట, ఆ గుట్ట ముందు కౌంటరమ్మ. ఫ్యాను ఒక్కటే తిరుగుచున్నది, అదియు ఆమె వైపే. మొదటి కుర్చీలో ఒక పెద్దాయన ఛార్జరును జపమాలవలె ఒడిలో చుట్టుకొని కూర్చుండెను.

"మీదేంటండీ సమస్య?" అని గృహస్థు ఆదరముతో అడిగెను.

"తెరమీద గీతండీ."

"పడిందా?"

"అదే తేలుస్తున్నారు. గీత లోపల్నించి వస్తే కవర్ అంట. బయట్నించి వస్తే నా ఖర్మంట."

"ఎటునించి వచ్చింది?"

"నన్నడిగితే ఎలాగండీ? గీత అడిగొచ్చిందా?"

ఆయనను ఓదార్చి వారు కౌంటరును సమీపించిరి. కౌంటరమ్మ తల ఎత్తకయే, "మెషీన్ ఇవ్వండి," అనెను.

"ఇంకా కొనలేదమ్మా," అనెను గృహస్థు.

అప్పుడామె తల ఎత్తెను. ఆ గదిలోనికి విరిగిన యంత్రములతో వచ్చినవారు, కాలిన యంత్రములతో వచ్చినవారు, పిల్లి కూర్చున్న యంత్రములతో వచ్చినవారు కలరు. యంత్రమే లేక వచ్చినవారు వీరే మొదలు. "కొనకుండానే పాడైందా?"

"పాడైతే ఏం చేస్తారో కనుక్కుందామని వచ్చాం," అనెను ఇల్లాలు. "వెండి రంగుది, సన్నగా ఉండేది. దాని కీలు విరిగితే?"

"కీలు ఒక్కటే రాదండీ. స్క్రీన్ మొత్తం మార్చాలి. పార్ట్ రావాలి."

"ఎప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడు."

"లోపలి పాఠాలు?"

"బ్యాకప్ మీరే తీసుకోవాలండీ. మేం ఫార్మాట్ కొట్టేస్తాం. డేటాకి మాకు సంబంధం లేదు."

వెనుక బావమరిది, "అంత సన్నగా చేస్తే కీలెలా మారుస్తార్లే," అని తనలో తాను గొణిగెను. అతనిలో ఒక ప్రేమ మరణించుచుండెను.

గృహస్థు మాత్రము మరియొక లోకమున ఉండెను. గోదాములో పెట్టెలను దేనికది వేరుచేసి పేర్చు అలవాటు కలవాడు గావున, విన్నదంతయు మనసులో అట్లే పేర్చుచుండెను. చివరకు వ్రేలెత్తి ఇట్లనెను:

"అమ్మా, నాకర్థమైంది సరో కాదో చెప్పు. పాడవడానికి కర్తలు ముగ్గురు. కంపెనీవాళ్లు తయారుచేసేటప్పుడు చేసిన తప్పు ఒకటి. ఇంట్లో మేం చేసే తప్పు ఒకటి. పిడుగూ వరదా లాంటివి, అవి దేవుడి ఖాతా. మీ వారంటీ మొదటిదానికే. అవునా?"

కౌంటరమ్మ తల ఊపెను. "అవునండీ. అంతే."

"మరి కాఫీ ఒలికిందనుకో. ఒలికించింది మేం. ఒలికేలా కప్పు చేసింది ఇంకో కంపెనీ. చెయ్యి వణికించింది ఎవరు?"

"కాఫీ అయితే కస్టమరేనండీ. దానికి వేరే ప్లాన్ ఉంది. యాక్సిడెంటల్ ప్రొటెక్షన్. కింద పడ్డా, ఒలికినా వస్తుంది. మెషీన్‌తోపాటే తీసుకోవాలి, తర్వాత ఇవ్వరు."

"షాపులో ఆ మాట చెప్పలేదే!"

"వాళ్లు అంతా కవర్ అంటారండీ."

గృహస్థు చేతులు జోడించెను. దేనికి జోడించెనో కౌంటరమ్మకు తెలియలేదు. మెట్లు దిగుచు ఆయన భార్యతో మెల్లగా అనెను: "ఏది ఆయన చేశాడో ఏది మనం చేశామో, చిన్నప్పటినుంచీ అడుగుతూనే ఉన్నా. ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు. సరైన లెక్కేనంటావా?"

"వాళ్లకి కావలసినంతవరకు సరైనదే," అనెను ఆ లెక్కల తల్లి. "నడవండి, షాపు మూసేస్తారు."

తిరిగివచ్చునప్పటికి వెండి యంత్రము లేదు. అది ఉన్నచోట దాని ధరచీటీ మాత్రము అనాథయై నిలిచెను. ఉచితపు బ్యాగు ఊపుకొనుచు ఎవరో యువకుడు గాజుతలుపులు దాటిపోవుచుండెను. బావమరిది అతనిని, యుద్ధభూమిలో కూలిన మిత్రుని చూచినట్లు, చూపు ఆనినంతమేర చూచెను. "పాపం, కీలు సంగతి అతనికి తెలీదు," అని మాత్రము అనెను.

"నల్లది చూపించు బాబూ," అనెను ఇల్లాలు. మూతను తానే తెరచెను, మూసెను, తెరచెను, ఒక మూలపట్టి తెరచెను. కీలు కిక్కురుమనలేదు. "ఇంటికే వస్తారన్నావుగా? మా వీధికి వస్తారా?"

"వస్తారు మేడం, అంతా..." అని అంతాకవర్ ఆరంభించెను. మూడవ అంతస్తు ఎక్కి దిగిన ఆరు కన్నులు అతనిమీద వాలెను. వాక్యము నడుమ తెగెను. ఆ మెడలోని గుర్తింపు కార్డు సైతము వణకినట్లయ్యెను. కడకు, ఎన్నడును వెలుగు చూడని ఒక మాట ఆ నోటినుండి వెలువడెను.

"తెలీదు మేడం. కనుక్కుంటాను."

అని, కంపెనీ హెల్ప్‌లైనుకు తానే ఫోను చేసి, స్పీకరు పెట్టి బల్లమీద ఉంచెను. సంగీతము వచ్చెను. సంగీతము మరల వచ్చెను. బావమరిది దానికి తల ఊపసాగెను. ఎట్టకేలకు ఒక అమ్మాయి గొంతు, "నమస్కారం, మీకు ఏ విధంగా సహాయపడగలను?" అనెను.

ఇల్లాలు మోడలు పేరు చెప్పెను. పిన్‌కోడ్ చెప్పెను. అవతల కీబోర్డు చప్పుడు వినవచ్చెను. "సిస్టమ్ కొంచెం స్లోగా ఉంది మేడం, లైన్లో ఉండండి." ఆమె బల్ల అంచును పట్టుకొని నిలబడెను. ముప్పదిమంది పిల్లలకు ముచ్చెమట పట్టించు ఆ వ్రేళ్లు అప్పుడు తెల్లబారి యుండెను. ఆమె భర్త కన్నులు మూసుకొనెను. పెదవులు కదలుచుండెను.

"ఉందండీ. మీ ఏరియాకి ఆన్‌సైట్ ఉంది."

బల్ల అంచును వ్రేళ్లు వదలెను.

"ఎలా వస్తారు?" అని ఆమె అడిగెను. "ఫోన్ చేయగానేనా?"

"ముందు ఫోన్లోనే చెప్పి చూస్తామండీ. దానికి బాగవకపోతే తర్వాతి పనిదినం మనిషి వస్తాడు. పార్ట్ కావాల్సొస్తే తనే తెస్తాడు."

"తప్పకుండా వస్తాడా తల్లీ?" అని గృహస్థు వంగి ఫోనునే అడిగెను. "ఇంట్లో పాఠం ఆగకూడదు."

"దేవుడి దయవల్ల వచ్చేస్తాడు సార్."

గృహస్థు కళ్లద్దములు తీసెను. ఫోనుకేసి, అందులో ఎవరో కూర్చున్నట్లు, చూచెను.

"ఆయన చేసినవి మాకొద్దని వారంటీ కాగితంలో రాశారు కదమ్మా. మరి ఆయన దయ కవర్ అవుతుందా?"

అవతలనుండి ముసిముసినవ్వు ఒకటి తంత్రులమీదుగా ప్రయాణించి వచ్చెను. "అది మా పాలసీలో లేదు సార్. నాకలవాటు. మా అమ్మ కూడా అలాగే అంటుంది."

"మంచి అలవాటు తల్లీ. మానకు."

అట్లు కంపెనీ ముఖద్వారమున గెంటివేయబడిన దైవము, ఉద్యోగిని నోట దొడ్డిదారిన మరల ప్రవేశించెను. గృహస్థునకు దీనివలన కలిగిన తృప్తి ఇంతింత యని చెప్పరాదు. తన ప్రశ్నకు సమాధానము దొరకలేదని ఆయనకు తెలియును. ప్రశ్నకు మరియొక తోడు దొరికినది, అదియే చాలుననుకొనెను.

అటుపైన బేరము సూటిగా నడచెను. నల్లది తీసికొనిరి. చేజారుటకును, ఒలుకుటకును వేరుగానున్న ప్లాను తీసికొనిరి. దానిని అడిగి తీసికొన్నవారు ఈ నెలలో మీరే మొదలని అంతాకవర్ ఒప్పుకొనెను. పాఠములు దాచుటకు అరచేయంత డిస్కొకటి ఇల్లాలు ఏరెను. బిల్లుమీద తేదీని గృహస్థు బిగ్గరగా చదివి సరిచూచుకొనెను.

"పిడుగులకి కూడా ఇన్సూరెన్స్ ఉంది సార్," అని అంతాకవర్, అలవాటు చొప్పున, కడపటి బాణమొకటి తీసెను. "దైవకృత్యాలు కూడా కవర్ అవుతాయి."

"వద్దు నాయనా. ఆయన సంగతి నేను చూసుకుంటా. రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం."

బావమరిది ఆ బరువును భుజమున మోసెను. మోయుచు ఒక్కమారు, "ర్యామ్ మాత్రం బానే ఉంది బావా," అనెను.

ఇక సోమవారము. వంటింటి పక్కగది. ఇల్లాలు బీరువాకు కుర్చీ ఆనించి కూర్చుండి మూత తెరచెను. గృహస్థు గోదాముకు వెళ్లవలసినవాడు, చెప్పులు తొడుగుకొని కూడ గడప దాటక, తలుపుసందున నిలిచెను. తెరమీద చిన్ని మొగములు ఒకటొకటిగా వెలుగసాగెను.

"వినపడుతోందా అందరికీ?"

"వినపడుతోంది టీచర్!"

"అంకెలు కనిపిస్తున్నాయా?"

"పెద్దగా కనిపిస్తున్నాయి టీచర్! ముందు చీమల్లా ఉండేవి."

"సరే. నిన్న ఎక్కడ ఆపాం?"

"నిన్న ఆదివారం టీచర్!"

ఆమె నవ్వి మూతను ఇంకొంచెము వెనుకకు వంచెను. తలుపుసందున ఒక శ్వాస ఆగెను. త్రిభుజము యొక్క మూడు కోణములు కలిసి ఎంతయని ఆమె అడిగెను. ఎవరో తప్పు చెప్పిరి. ఎవరో సరిదిద్దిరి. పాఠము సాగెను.

లోకులారా, దుందుభులు మ్రోగింపుడు! తోరణములు కట్టుడు! పిడుగు పడలేదు. వరద రాలేదు. కాఫీ కప్పులోనే ఉండెను. బొద్దింక తన దారిన తాను పోయెను. ఇంటికి ఏ ఇంజనీరును రానక్కరలేకపోయెను. ఒక నల్లని ల్యాప్‌టాపు మూత తెరువగా, తెరచుకొనెను. గృహస్థు తలుపును మెల్లగా దగ్గరకు వేసి, గోదాముకు ఆలస్యమైనదని తెలిసియు తొందరపడక, వీధిలోనికి నడచెను.

జయము, జయము! ఏమియు జరుగలేదు.